‘వేయించాలి’ సరే, ఎవరు?

పోయిన సంక్రాంతికి అమలాపురం వెళ్ళినప్పుడు మా అన్నయ్య ఇంట్లో చిన్న పార్టీ జరిగింది. మేనకోడలికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. స్నేహితులు పాతికమంది వస్తారంది. అరిసెలూ జంతికలూ డబ్బాల నిండా ఉన్నాయి కదా అంటే నవ్వేసి, “అవి పండక్కి అత్తా. పార్టీకి స్టార్టర్లుండాలి” అంది. కారం కారంగా చీజ్ రోల్స్ చేసిపెట్టమని తల్లిని అడిగింది. వదిన సరేనంది.

ఆ రోజు నేను వంటింట్లో స్టూలు మీద కూచున్నాను. చేతిలో పనేం లేదు. వదిన ఒక పొడుగాటి నోటుపుస్తకం నా ఒళ్ళో పడేసి, “అమ్మాయ్, కళ్ళజోడు మేడమీద ఉండిపోయింది, కాస్త చదివిపెట్టు” అంది. నూనె మరకలతో కాగితాలు అద్దాల్లా అయిపోయిన పుస్తకం అది. వంటింటి కవిత్వం మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్న నేను, మొదటిసారి వంటింట్లో కూచుని ఒక వంట పాఠాన్ని పైకి చదివాను.

ఏదో వారపత్రికలోంచి వదిన ఎత్తి రాసుకున్న పాఠం. బ్రెడ్ అంచులు తీసేయాలి. చపాతీ కర్రతో పల్చగా ఒత్తాలి. తురిమిన చీజ్‌లో పచ్చిమిర్చి, కొత్తిమీర కలపాలి. ముద్ద పెట్టి చుట్టాలి. మైదా జారుతో అంచులు అతికించాలి. నూనెలో దోరగా వేయించాలి. వేడివేడిగా వడ్డించాలి. 

వరసగా ఏడు వాక్యాలు చదివాక నాకు ఊపిరాడలేదు. ఏడింటిలోనూ క్రియ ఉంది. కర్త ఒక్కచోట కూడా లేదు. తీసేయాలి సరే, ఎవరు? వేయించాలి సరే, ఎవరు?

మన భాషలో ‘ఆలి’తో ముగిసే క్రియ విధిని చెప్తుంది. నేను వెళ్ళాలి, నువ్వు చదవాలి అన్నప్పుడు ఆ విధి ఎవరిదో తెలుస్తుంది. కర్తని తీసేస్తే అది నియమం అయిపోతుంది. పెద్దల మాట వినాలి, మెల్లగా నవ్వాలి, చీకటి పడేలోగా ఇంటికి చేరాలి అని మనకి చిన్నప్పుడు నేర్పిన వాక్యాలన్నీ ఈ అచ్చులో పోసినవే. వాటిలోనూ కర్త లేదు. అయినా ఆ మాట ఎవరి గురించో మనలో ఎవరికీ అనుమానం రాలేదు. వంట పాఠం రాసినవాళ్ళకీ రాలేదు. ఆ ఖాళీలో ఎవరు నిలబడతారో అందరికీ తెలుసు కనక పేరు రాయాల్సిన అవసరం పడలేదు.

టీవీ వంటల కార్యక్రమాలు ఇంకో మెలిక పెట్టాయి. “ఇప్పుడు ఉల్లిపాయలు వేసుకుందాం, ఇలా చుట్టుకుందాం, దోరగా వేయించుకోవాలి” అంటారు. ‘కొను’ అనే సహాయక క్రియ చేరితే ఆ పని ఫలితం చేసినవాళ్ళకే దక్కుతుందని మన వ్యాకరణం చెప్తుంది. రాసుకున్నాను, కొనుక్కున్నాను అన్నట్టు. మరి పార్టీ రోజు వేయించుకుని, వేయించుకుని వదిన తిన్న రోల్స్ ఎన్ని? నేను లెక్కపెట్టాను. ఒకటి. అదీ పగిలిపోయింది గనక.

ఇక్కడ నా సంగతి చెప్పకుండా ముందుకెళితే అన్యాయం అవుతుంది. స్త్రీవాద కవిత్వంలో వంటింటి మీద నా సిద్ధాంత వ్యాసం. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం నా చేతిలో అట్ట ఊడిపోయింది. విమలగారి ‘వంటిల్లు’ చదివిన రాత్రి నిద్రపోలేదు. అమ్మ, అమ్మమ్మ ఆ పొగలో ఎలా కరిగిపోయారో అంత సూటిగా అంతకుముందు ఎవరూ నాకు చెప్పలేదు. ఆ వంటిళ్ళని ధ్వంసం చేద్దామన్న పిలుపు ఆ కోపంలోంచి పుట్టింది, అది న్యాయమైన కోపం. కానీ నా తరం పరిశోధకులం ఆ కోపాన్ని సూత్రంగా మార్చేశాం. ‘వంటిల్లు అణచివేతకు ప్రతీక’ అన్న వాక్యం నా థీసిస్‌లో ఎన్నిసార్లు వచ్చిందో చెప్పుకుంటే సిగ్గేస్తుంది. ప్రతీక అని ఒకసారి తేల్చేశాక లోపలికి తొంగిచూసే పని తప్పిపోతుంది. అక్కడ నిలబడ్డ మనిషికి ఏం తెలుసు, ఆమె ఏం రాసుకుంటోంది అన్న ప్రశ్న రాదు.

ఆ థీసిస్ చివరి మూడు నెలలూ ఈ ఇంట్లోనే, మేడమీద గదిలో కూచుని రాశాను. వేళకి కంచం పైకి వచ్చేది. కృతజ్ఞతల పేజీలో ‘ఆత్మీయంగా ఆదరించిన అన్నావదినలకు’ అని రాశాను. అన్నయ్య ఒక్కరోజు కాఫీ కలిపిన గుర్తు లేదు. వదిన చేసిన పనిని నేను ‘ఆత్మీయత’ అన్నాను. వంట పాఠం కర్తని మింగేసింది, నా కృతజ్ఞత క్రియని మింగేసింది.

మళ్ళీ నోటుపుస్తకం దగ్గరికి వస్తాను. కుడివైపు పేజీలో ఎత్తి రాసుకున్న పాఠం ఉంటుంది. ఎడమవైపు పేజీ వదిలేసి పెట్టుకుంది. అక్కడ నీలం సిరా, పెన్సిలు, ఒకచోట కాటుక పెన్సిలుతో కూడా చిన్నచిన్న మాటలున్నాయి. వదిన అనుమతితో కొన్ని ఇక్కడ ఇస్తున్నాను.

“పాప పుట్టినరోజుకి చేశాను. ఇరవై చేస్తే ఏడు పగిలాయి. ఉల్లిపాయలో నీరుంది. ఈసారి గుడ్డలో వేసి పిండాలి.”

“కరెంటు లేదు. ఫ్రిజ్‌లో పెట్టకుండానే వేయించాను. చీజు కారిపోయి నూనె మాడింది. మావయ్యగారు బాగున్నాయన్నారు. నేను తినలేదు.”

“అమ్మ పోయాక మొదటిసారి చేశాను. కారం ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనలేదు.”

ఎదురుపేజీలో లేని కర్త ఇక్కడుంది. చేశాను, వేయించాను, తినలేదు. అన్నీ ఉత్తమపురుష, భూతకాలం. “ఈసారి పిండాలి” అన్న వాక్యంలో ‘ఆలి’ ఉంది, నిజమే. కానీ ఆ ‘ఆలి’ ఎవరో పెట్టిన విధి కాదు. ఏడు రోల్స్ నూనెలో పగిలాక, ఎందుకు పగిలాయో తేల్చుకుని ఆమె తనకి తాను చేసుకున్న నిర్ణయం. ప్రయోగం చేశాను, విఫలమైంది, కారణం ఇది, తర్వాత ఇలా చేస్తాను అని చెప్పడానికి విశ్వవిద్యాలయాల్లో మనం యాభై పేజీలు రాస్తాం.

ఆ పరిజ్ఞానం చిన్నది కాదు. చీజు కరిగేది, పనీరు కరగనిది. నిమ్మరసంతో విరగ్గొట్టిన పాలముద్ద వేడికి మెత్తబడుతుందే తప్ప పారదు. అందుకే వదిన రెండు పాళ్ళు చీజుకి ఒక పాలు పనీరు కలుపుతుంది. పనీరు లోపల కట్టగా నిలబడి, కరిగిన చీజుని పట్టుకుంటుంది. ఉల్లిపాయలో నీరుంటే నూనెలో పడగానే ఆవిరై దారి వెతుక్కుంటుంది, బ్రెడ్డుని చీల్చేస్తుంది. నూనె కాగకపోతే బ్రెడ్డు తాగేస్తుంది. మరీ కాగితే లోపల చీజు చల్లగా ఉండగానే పైన నల్లబడుతుంది. చుట్టినవాటిని ఓ అరగంట ఫ్రిజ్‌లో బిగుసుకోనిస్తే ఆ రెండింటికీ మధ్య కాస్త వ్యవధి దొరుకుతుంది. వారపత్రిక పాఠంలో ఇవేవీ లేవు. ‘దోరగా’ అన్న ఒక్క మాటలో అన్నీ సర్దేశారు.

మా అమ్మ ఆ చీజు ముక్కని చూసి, “ఏంటే ఇది, జున్నా?” అంది. తప్పు అమ్మది కాదు. మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు చీజ్ అంటే జున్ను అనే రాశాయి, అనువాదకులు అదే వాడారు. చిన్నప్పుడు అనువాద కథల్లో ఎలుక జున్నుముక్క కోసం బోనులో పడిందని చదివి, మా ఊరి జున్ను తినడానికి ఎలుకకి గిన్నె, చెంచా ఎక్కడివా అనుకునేదాన్ని. ఈనిన గేదె మొదటి పాలల్లో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించేది మా జున్ను. మా వీధిలో జున్నుపాలు అమ్మడం నేను చూడలేదు, ఇంటింటికీ పంపేవారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1946లో పాడిరైతుల సహకార సంఘంగా మొదలైన అమూల్ వాళ్ళ చీజు ఇప్పుడు అమలాపురం కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో దొరుకుతోంది. ఇది మన వంట కాదని ముఖం చిట్లించేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుచేసుకోవాలి. పచ్చిమిరపకాయ కూడా మనది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దంలో వచ్చింది. అది వచ్చినప్పుడు కూడా ఎవరో ఒక ఆడమనిషి దాన్ని కొరికి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, మిరియాల బదులు ఎంత వేయాలో తేల్చి ఉంటుంది. ఆమె నోటుపుస్తకం మనకి దొరకలేదు.

మన విమర్శ ఈ పాఠాల వైపు ఎందుకు చూడలేదు? మాలతీ చందూర్‌గారినే తీసుకోండి. ‘హృదయనేత్రి’ నవలకి 1992లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ‘ప్రమదావనం’ శీర్షికని ఆవిడ దశాబ్దాల పాటు నడిపారు. నవలల మీద మనం వ్యాసాలు రాశాం, శీర్షిక గురించి కొంత మాట్లాడుకున్నాం. కానీ ఆవిడ పుస్తకాల్లో మా ఇంటికి మొదట వచ్చింది ‘వంటలు-పిండివంటలు’. అమ్మ పెట్టెలో చీరల కింద ఉండేది. చదువు మధ్యలో ఆగిపోయిన అమ్మ, జీవితంలో పదేపదే తిరగేసిన పుస్తకం అదొక్కటే. ఒక రచయిత్రి పుస్తకాన్ని ఒక పాఠకురాలు నలభై ఏళ్ళు చదివితే అది సాహిత్య చరిత్రలో ఎక్కడా లేకపోవడం ఏమిటి?

1989లో సూసన్ లియొనార్డి అనే అమెరికన్ విమర్శకురాలు వంట పాఠాలని సాహిత్య పాఠాలుగా చదువుతూ ఒక వ్యాసం రాసింది. వంట పాఠం అంటేనే ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఉండే సంభాషణ అని ఆవిడ వాదన. అంతకు ఏడాది ముందు అర్జున్ అప్పాదురై, మధ్యతరగతి నగర స్త్రీలు రాసిన వంటపుస్తకాలు ‘భారతీయ వంట’ అనే కొత్త ఊహని ఎలా తయారుచేశాయో చూపించాడు. మా మేనకోడలి ‘స్టార్టర్లు’ ఆ ఊహ అమలాపురం దాకా వచ్చిందనడానికి సాక్ష్యం. వాళ్ళకంటే ముందు, పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్లో రాససుందరీ దేవి ‘చైతన్య భాగవతం’లోంచి ఒక పుట తీసి వంటింట్లో దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చుకుంటూ దొంగచాటుగా చదువు నేర్చుకుంది. ఆమె అక్షరం పుట్టింది పొయ్యి పక్కనే. వంటింట్లో రాత ఉండదని నేనెలా అనుకున్నాను?

పండగ వెళ్ళిన రెండో రోజు వదినతో కలిసి కొత్తపేట, రావులపాలెం మీదుగా ఆత్రేయపురం వెళ్ళాను. ఆడవాళ్ళు చుట్టేదే ఇంకోటి అక్కడుంది కనక. పూతరేకు ఇంట్లోంచి బజారుకి వచ్చిన చుట్ట. నున్నటి కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పాలలా పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి కుండమీద ఒక్కసారి లాగుతారు. క్షణంలో రేకు లేస్తుంది. తడిగుడ్డతో మెత్తబరచి, నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి చుడతారు. ఒకావిడ ఆపకుండా చెయ్యి ఆడిస్తూనే మాతో మాట్లాడింది. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారని అడిగితే, “నేనా అండీ? పెళ్ళికి ముందు నుంచీ తీస్తన్నానండి. ముందు మా అమ్మ తీసేదండి” అంది. తీస్తున్నాను. రేకు తీయడం వాళ్ళ మాట. అది పని అని, దానికి కూలి ఉందని తెలిసిన చోట క్రియకి కర్త తనంతట తానే వచ్చి కూచుంది.

అలాగని అక్కడ అంతా బాగుందనడం లేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999 నాటి ఆ చట్టం ఊరి పేరుని కాపాడుతుంది. దాని పద్ధతే అది. మేం కొన్న పెట్టె మీద ఊరి పేరుంది, కొట్టు పేరుంది, ఫోన్ నంబరుంది. రేకు తీసిన చెయ్యి ఎవరిదో లేదు. వదిన పెట్టె అటూ ఇటూ తిప్పి చూసి, “మన పుస్తకాల్లాగే ఉంది” అంది. నేనేమీ మాట్లాడలేదు.

ఈ వ్యాసం ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. ఇల్లాలి పేరు పోవడం, దొరకడం అన్న కథ మనకి తెలిసినదే. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఇల్లాలు దాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. నోటుపుస్తకంలో వదిన కర్త దొరికింది కదా అని నేనూ సంతోషించాను. కానీ ఎడమవైపు పేజీలు మళ్ళీ చదివితే ఒకటి తట్టింది. ఇరవై రోల్స్‌కి ఉల్లిపాయలు తరిగింది ఎవరు? మాడిన నూనె మూకుడు తోమింది ఎవరు? “చేశాను” అన్న వదిన మాటలో ఇంకో మనిషి ఉంది. పొద్దున్న ఆరింటికి వచ్చి పెరట్లో కుళాయి దగ్గర కూచునే ఆవిడ. ఉల్లిపాయలు ఆవిడ పెరట్లోనే తరిగి గుమ్మం దాకా తెచ్చి ఇస్తుంది. గుమ్మం లోపలికి రాదు. 2022లో మా జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టారు. మా పెరటి గూట్లో ఆవిడ టీ గ్లాసు ఇప్పటికీ వేరుగానే ఉంది.

మనం ‘వంటిల్లు’ అన్నప్పుడల్లా ఏ వంటింటి గురించి మాట్లాడుతున్నామని దళిత స్త్రీలు చాలాకాలంగా అడుగుతూనే ఉన్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ నా బీరువాలో ఉంది. థీసిస్‌లో ఒక అధ్యాయం చివర దాన్ని ప్రస్తావించి, పరిధి దృష్ట్యా వదిలేస్తున్నానని రాశాను. పరిధి నేనే గీశాను. ఆ గీత మా పెరటి గుమ్మం దగ్గరే పడింది. వంటింట్లోంచి బయటికి రావడం మాకు సమస్య అయితే, లోపలికి రానివ్వకపోవడం ఆవిడకి సమస్య. మాకు లేని కర్త గురించి వ్యాకరణం చెప్పుకుంటూ, ఆవిడని మేమే లేకుండా చేశాం. ఆ ఇంటికి నేను వెళ్ళి వస్తున్న ఇన్నేళ్ళలో ఆవిడ పేరు నాకు తెలీదు. ఆ రోజు అడిగాను. చెప్పింది. పత్రికలో రాయనా అంటే, “నా పేరెందుకమ్మా, మళ్ళీ మీ వదినగారు ఏవనుకుంటారో” అంది. గ్లాసు సంగతి ఆ సాయంత్రం వదినతో మాట్లాడాను. అత్తగారి నాటి నుంచీ ఉన్నదని అంది. కాసేపు ఊరుకుని, “నువ్వూ ఇన్నేళ్ళూ చూశావుగా” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

విమర్శ రాసేవాళ్ళం వంట పాఠాలని పాఠాలుగా చదవాలని చెప్పడానికి ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఆ మాట ఇప్పటికీ అంటాను. మన అమ్మల, వదినల నోటుపుస్తకాలు పాతకాగితాల వాడికి వెళ్ళిపోకముందే తెరవండి. ఎడమవైపు పేజీలు చదవండి. అయితే ‘చేశాను’ అన్న మాట కనపడగానే చప్పట్లు కొట్టి పుస్తకం మూసేయకుండా, ఆ మాట వెనక ఇంకా ఎవరున్నారో కూడా అడగండి.

చీజ్ రోల్స్ ఎలా చేయాలో వదిన నన్ను రాయమంది. ఎలా చేయాలో రాయను. ఆ రోజు ఎలా జరిగిందో రాస్తాను.

మూడు బ్రెడ్ ప్యాకెట్లు, రెండువందల గ్రాముల చీజు కట్టలు రెండు, పావుకిలోకి కాస్త తక్కువ పనీరు అన్నయ్య బజారు నుంచి తెచ్చాడు. నాలుగు ఉల్లిపాయలు, పన్నెండు పచ్చిమిరపకాయలు, రెండు కట్టల కొత్తిమీర పెరట్లో ఆవిడ తరిగింది, కళ్ళు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగింది. ఉల్లిపాయల్ని గుడ్డలో వేసి వదిన గట్టిగా పిండింది. చీజు నేను తురిమాను, వేలు గీసుకుపోయింది. అంచులు తీసిన బ్రెడ్డుని వదిన కర్రతో ఒత్తింది, మేనకోడలు ముద్ద పెట్టి చుట్టింది, నేను మైదా జారుతో అతికించాను. నలభై ఎనిమిది అయ్యాయి. అరగంట ఫ్రిజ్‌లో ఉన్నాయి. బ్రెడ్డు నలుసు వేస్తే వెంటనే పైకి తేలినప్పుడు నూనె కాగిందని వదిన చెప్పింది. ఆరేసి చొప్పున వదిన వేయించింది. రెండు పగిలాయి. పాతికమంది తిన్నారు. పగిలినవాటిలో ఒకటి వదిన తింది, ఒకటి నేను తిన్నాను. పెరట్లో ఆవిడకి నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చాం, పళ్ళెంలో పెట్టలేదు. మూకుడు ఆవిడే తోమింది.